సంపాదక బాధ్యత – నిర్ణయాధికారం: ఇంజనీరింగ్ పరిశోధన పత్రికల నిర్వహణపై విమర్శనాత్మక పరిశీలన

ప్రతి పరిశోధన పత్రికలోనూ సంపాదక మండలి జాబితా ఒకటి ఉంటుంది. ప్రధాన సంపాదకుడు, సహ సంపాదకులు, సలహా మండలి సభ్యులు, వారి హోదాలు, విశ్వవిద్యాలయాలు అందులో వరుసగా కనిపిస్తాయి. జాబితా ఎంత పొడవైనదైనా ఒక ప్రశ్నకు మాత్రం సమాధానం ఇవ్వదు. ఫలానా వ్యాసాన్ని స్వీకరించాలా, తిరస్కరించాలా అన్న నిర్ణయం వీరిలో ఎవరిది? వ్యాసం పంపి నెలల తరబడి ఎదురుచూసే పరిశోధక విద్యార్థికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ప్రచురణ మీదే అతని సిద్ధాంత గ్రంథ సమర్పణో, ఉద్యోగమో, పదోన్నతో ఆధారపడి ఉండవచ్చు.

ఇంజనీరింగ్ పత్రికల ప్రమాణాలు మెరుగుపడాలంటే సంపాదక బాధ్యతలను పలువురికి పంచాలన్న మాట విద్యాసంస్థల్లో తరచు వినిపిస్తుంది. అందులో అభ్యంతరం చెప్పవలసినది లేదు. అయితే పంచుతున్నది ఏమిటన్నది తేలాలి. ఉత్తరాలు రాయడం, సమీక్షకులకు గుర్తుచేయడం, అచ్చుతప్పులు దిద్దడం వంటివి సహ సంపాదకులకు అప్పగించి నిర్ణయాన్ని ఒకరి చేతిలోనే ఉంచితే అది పని విభజన అవుతుంది. పేర్లు మాత్రమే చేర్చి పనినీ నిర్ణయాన్నీ ఎవరికీ అప్పగించకపోతే అది అలంకారమే. నిర్ణయాధికారాన్ని, దానితో పాటు జవాబుదారీతనాన్ని పేరున్న వ్యక్తికి అప్పగించినప్పుడే బాధ్యతను పంచినట్లు. ఈ తేడాను స్పష్టంగా చూపగల ఉదాహరణ 1956 మే నెలలో వెలువడిన 'జర్నల్ ఆఫ్ ఫ్లూయిడ్ మెకానిక్స్'. దానిని పరిశీలించే ముందు పాత పద్ధతులు రెండింటిని గుర్తుచేసుకోవలసి ఉంది.

ఒక్కరి చేతిలో, కమిటీ చేతిలో

1665లో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్'ను హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సొంత పూచీపై ఆరంభించాడు. ఎంపిక, అనువాదం, ఉత్తర ప్రత్యుత్తరాలు, లాభనష్టాలు అన్నీ అతనివే. దాదాపు తొమ్మిది దశాబ్దాల తర్వాత, 1752లో, రాయల్ సొసైటీ ఆ పత్రికను తన అధీనంలోకి తీసుకొని వ్యాసాల ఎంపికను ఒక కమిటీకి అప్పగించింది. నాసిరకం వ్యాసాలు అచ్చవుతున్నాయన్న బహిరంగ విమర్శ, ముఖ్యంగా జాన్ హిల్ ఎగతాళి, ఈ మార్పుకు నేపథ్యం. కమిటీ సభ్యులు రహస్య ఓటుతో వ్యాసాలను ఎంపిక చేసేవారు. ఆ దశలోనే సొసైటీ ఒక ప్రకటనను కూడా అచ్చువేయడం మొదలుపెట్టింది. వ్యాసాల్లోని విషయాలపై సొసైటీ ఒక సంస్థగా అభిప్రాయం చెప్పదనీ, వాటి నిజానిజాలకు రచయితలే బాధ్యులనీ దాని సారాంశం. ఎంపిక అందరిదీ అయింది, బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. నేటి పత్రికల చివర చిన్న అక్షరాల్లో కనిపించే 'వ్యాసాల్లోని అభిప్రాయాలకు సంపాదకవర్గం బాధ్యత వహించదు' అన్న వాక్యం వంశవృక్షం అంత పాతది.

కమిటీ ఉన్నంత మాత్రాన వ్యక్తి అవసరం తీరలేదు. 1854 నుంచి 1885 వరకు సొసైటీ కార్యదర్శిగా ఉన్న జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ సమీక్షకులకు, రచయితలకు మధ్య నిలబడి ఆ వ్యవస్థను నడిపించాడు. ఆయన తర్వాత లార్డ్ రేలీ ఆ పని చేశాడు. మాంచెస్టర్‌లో ఇంజనీరింగ్ ఆచార్యుడైన ఆస్బర్న్ రేనాల్డ్స్ టర్బ్యులెన్స్ సిద్ధాంతంపై రాసి, 1895లో అచ్చయిన ప్రసిద్ధ వ్యాసం ఈ దశలోనే సమీక్షకు వచ్చింది. సమీక్షించినవారు స్టోక్స్, హొరేస్ ల్యాంబ్. ఇద్దరికీ వ్యాసంలోని వాదన తేలికగా అంతుపట్టలేదు. రచయితతో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగిన తర్వాతే అది వెలుగు చూసింది. ఆ వ్యాసం నుంచి వచ్చిన సగటు సమీకరణాలనే నేటి ఇంజనీర్లు విమానం రెక్క మీద గాలిని, పైపుల్లో నీటిని లెక్కించడానికి వాడుతున్నారు. ఇద్దరు ఉద్దండులకు అర్థం కాని వ్యాసాన్ని కేవలం ఓటుకు పెట్టి ఉంటే దాని గతి ఏమయ్యేదో చెప్పలేం. సమీక్షకుల అభిప్రాయాలను కూడి తీసివేయడం నిర్ణయం కాదు. వాటిని తూచగల వ్యక్తి ఒకరు ఉండాలి.

ఆ ఒక్కరే అన్నీ అయితే ఏమవుతుందో చూపేది సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఉదాహరణ. 1952 నుంచి 1971 వరకు పందొమ్మిదేళ్లు 'ఆస్ట్రోఫిజికల్ జర్నల్' నిర్వహణ సంపాదకుడిగా ఆయన దాదాపు ఒంటి చేత్తో దానిని నడిపాడు. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పత్రిక ఆయన హయాం ముగిసేనాటికి అమెరికన్ ఖగోళ శాస్త్ర సంఘానికి బదిలీ అయి దేశవ్యాప్త పత్రికగా స్థిరపడింది. ఏకవ్యక్తి సంపాదకత్వం నాణ్యతను చంపుతుందని వాదించేవారికి ఇది ఇబ్బంది కలిగించే ఉదాహరణే. అయితే ఇక్కడ నాణ్యతకు ఆధారం పద్ధతి కాదు, వ్యక్తి. చంద్రశేఖర్ దొరకని పత్రికలు ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ ఉదాహరణలో సమాధానం లేదు.

1956: కేంబ్రిడ్జ్ పద్ధతి

ఆస్ట్రేలియా నుంచి 1945లో కేంబ్రిడ్జ్ చేరిన జార్జ్ బాచెలర్ తన ముప్పయ్యారవ ఏట కొత్త పత్రికకు సంపాదకుడయ్యాడు. అప్పటికి ఫ్లూయిడ్ మెకానిక్స్ వ్యాసాలు గణిత, భౌతిక, వైమానిక, యాంత్రిక ఇంజనీరింగ్ పత్రికల్లో చెల్లాచెదురుగా వస్తుండేవి. తొలి సంచికలో సహ సంపాదకులుగా కనిపించేవి మూడే పేర్లు: హార్వర్డ్ నుంచి జార్జ్ క్యారియర్, ప్రిన్స్‌టన్ నుంచి వేలాండ్ గ్రిఫిత్, మాంచెస్టర్ నుంచి జేమ్స్ లైట్‌హిల్. మూడు పేర్లే ఉండడం గమనించదగిన సంగతి. ఇరవై, ముప్పై పేర్లతో బరువెక్కిన జాబితాలకు అలవాటుపడిన కళ్లకు ఇది పేదగా కనిపించవచ్చు.

ఆ పత్రికలో సహ సంపాదకుడంటే అలంకారం కాదు. తన చేతికి వచ్చిన వ్యాసానికి సమీక్షకులను ఎంచుకోవడం, వారి నివేదికలను తూచడం, రచయితతో నేరుగా ఉత్తరాలు నడపడం, చివరకు స్వీకరించడమో తిరస్కరించడమో అతని పనే. కేంబ్రిడ్జ్ నుంచి ఆమోదముద్ర పడాలన్న నియమం లేదు. రచయిత తన వ్యాసాన్ని ఏ సంపాదకుడు చూడాలో తానే ఎంచుకోగలడు. కాబట్టి నిర్ణయం ఎవరిదో అతనికి మొదటి నుంచీ తెలుసు.

దీని ఫలితాల్లో మొదట కనిపించేది కాలం. ఉత్తరం సముద్రం దాటడానికే రోజులు పట్టే కాలంలో అమెరికన్ రచయిత వ్యాసాన్ని అమెరికాలోనే తేల్చగలగడం చిన్న సౌకర్యం కాదు. అంతకంటే లోతైనది విషయజ్ఞానానికి సంబంధించిన ఫలితం. ఒక సమీక్షకుడు 'ఫలితం కొత్తది కాదు' అని, మరొకడు 'ముఖ్యమైనది' అని రాసినప్పుడు మూడో సమీక్షకుడి కోసం వెతకడం కార్యాలయ ధోరణి. వ్యాసాన్ని తానే చదివి ఎవరి మాట నిలుస్తుందో తేల్చడం విద్వాంసుడి ధోరణి. అధికారం లేని సహ సంపాదకుడు మొదటి దారి పట్టక తప్పదు, రెండో దారిలో నడిచే హక్కు అతనికి లేదు. చాలా పత్రికల్లో ఆలస్యానికి సమీక్షకుల బద్ధకాన్ని నిందిస్తారు. నివేదికలు చేతిలో ఉండి కూడా నిర్ణయించగల వ్యక్తి లేకపోవడం వల్ల జరిగే ఆలస్యం గురించి ఎవరూ మాట్లాడరు.

బాచెలర్ పద్ధతిలో లోపాలు లేవనడానికి వీల్లేదు. నిర్ణయాధికారం పలువురికి ఉన్నప్పుడు ప్రమాణం ఒకేలా ఉండదన్న భయం సహజం. కఠినంగా ఉండే సంపాదకుడిని తప్పించుకొని ఉదారుడిని ఎంచుకునే రచయితలూ ఉంటారు. ఈ ప్రమాదాన్ని అదుపులో ఉంచినది నియమావళి కంటే సంపాదకుల ఎంపిక అనుకోవాలి. గణిత స్పష్టత, భౌతిక అవగాహన రెండూ కలిసిన వ్యాసమే మంచి వ్యాసమన్న ఒక ఉమ్మడి అభిరుచి వారిని కలిపి ఉంచింది. ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఉమ్మడి అభిరుచి ఉన్నవారిని ఎంచుకుంటే వ్యవస్థ సాఫీగా సాగుతుంది, కానీ ఆ అభిరుచికి వెలుపల ఉన్న పనికి తలుపు ఇరుకవుతుంది. తొలి నలుగురు సంపాదకులూ బ్రిటన్, అమెరికాల వారే. భారతదేశం, సోవియట్ యూనియన్, జపాన్ పరిశోధకులు ఆ పత్రికకు రచయితలు కాగలిగారు, కానీ ఏది ముఖ్యమో నిర్ణయించే చోట మొదట్లో వారు లేరు.

మరో సంగతి కూడా ఉంది. బాచెలర్ 1996 వరకు, అంటే నలభై ఏళ్లు, సంపాదకుడిగా కొనసాగాడు. 1966 నుంచి 1983 వరకు కీత్ మొఫాట్ ఆయనతో పాటు ఆ బాధ్యతలో ఉన్నప్పటికీ పత్రిక స్వరూపంపై బాచెలర్ ముద్రే చెరగకుండా నిలిచింది. వ్యాసాలపై నిర్ణయాన్ని పంచిన వ్యక్తి, నిర్ణేతల ఎంపికను అంత సులువుగా పంచలేదు. మొదటిదానికి విశ్వాసం చాలు, రెండోదానికి పదవీకాల పరిమితి వంటి నియమం కావాలి. బాచెలర్‌ను మెచ్చుకునేవారు ఈ రెండో భాగాన్ని సాధారణంగా ప్రస్తావించరు. పత్రిక ఇంత ఎత్తుకు ఎదిగాక ఆ ప్రస్తావన అనవసరమని వారు అనుకోవచ్చు. కానీ ఆ పద్ధతిని మరోచోట నాటదలచినవారికి అది అనవసరం కాదు.

విషయాన్ని చీల్చడం, చర్చను తెరవడం

యాదృచ్ఛికంగా 1956లోనే అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం తన ప్రొసీడింగ్స్‌ను విభాగాల వారీ పత్రికలుగా విడదీసింది. నిర్మాణాలు, జలశాస్త్రం, మృత్తికా యాంత్రికశాస్త్రం, ఇంజనీరింగ్ యాంత్రికశాస్త్రం వంటివి వేటికవిగా వెలువడసాగాయి. 1983లో వాటి పేర్లు మారి 'జర్నల్ ఆఫ్ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్' వంటి నేటి రూపం వచ్చింది. బాచెలర్ ఒకే పత్రికలో నిర్ణయాన్ని పంచితే ఈ సంఘం పత్రికనే పంచింది.

ఇంజనీరింగ్‌కు ఇటువంటి పంపకం మిగిలిన శాస్త్రాల కంటే ఎక్కువ అవసరం. కాంక్రీటు దూలంపై ప్రయోగశాల పరీక్ష, వంతెన కంపనాలపై కంప్యూటర్ అనుకరణ, నేల కుంగుబాటుపై క్షేత్ర పరిశీలన, డిజైన్ కోడ్‌లోని ఒక నిబంధనపై విమర్శ ఒకే పత్రికకు రావచ్చు. వీటిలో 'సరైనది' అన్న మాటకు ఒకే అర్థం లేదు. పరీక్షలో నమూనాల సంఖ్య చూడాలి, అనుకరణలో సరిహద్దు షరతులు చూడాలి, క్షేత్ర పరిశీలనలో కొలతలు ఎక్కడ, ఎన్నాళ్లు తీశారో చూడాలి. ఒక్క ప్రధాన సంపాదకుడు వీటన్నిటినీ తేల్చగలడనుకోవడం అమాయకత్వం. పైగా ఇక్కడ తప్పు కాగితం మీద ఆగదు. ఒక సూత్రం పత్రిక నుంచి పాఠ్యపుస్తకానికీ, అక్కడి నుంచి కోడ్‌కూ, కోడ్ నుంచి కట్టడానికీ ప్రయాణిస్తుంది.

అమెరికన్ సివిల్ ఇంజనీర్ల పత్రికల్లో మరో సంప్రదాయం ఉంది. అచ్చయిన వ్యాసంపై పాఠకులు 'డిస్కషన్' రాస్తారు, దానికి రచయిత 'క్లోజర్' పేరిట సమాధానం ఇస్తాడు, రెండూ అదే పత్రికలో వస్తాయి. వంతెన కట్టిన ఇంజనీరు ఆచార్యుడి సూత్రాన్ని తన అనుభవంతో ప్రశ్నించగల చోటు అది. సంపాదక బాధ్యతలో కొంత భాగాన్ని పాఠకుడికి అప్పగించడమే ఇది. సమీక్షకులిద్దరి దృష్టి దాటిపోయిన లోపాన్ని ప్రచురణ తర్వాతైనా పట్టుకునే ఏర్పాటు ఉన్నదని అందరికీ తెలిసి ఉండడం వల్ల, ప్రచురణకు ముందే రచయిత జాగ్రత్తపడతాడు. బాచెలర్ పద్ధతిలో కంటే ఈ పద్ధతిలో ప్రజాస్వామ్యం ఎక్కువ. మన దేశ ఇంజనీరింగ్ పత్రికలు దీనిని పెద్దగా అనుసరించకపోవడం విచారకరం. ఒక తోటి ఆచార్యుడి వ్యాసాన్ని పేరు పెట్టి ప్రశ్నించడాన్ని వ్యక్తిగత శత్రుత్వంగా చూసే వాతావరణం దీనికి ఒక కారణం కావచ్చు.

సంపాదక మండలి ఉమ్మడిగా కదిలిన సందర్భమూ ఉంది. 2001లో 'మెషీన్ లెర్నింగ్' పత్రిక సంపాదక మండలిలోని నలభై మంది, పత్రిక అందుబాటు ధోరణితో విభేదించి బహిరంగ లేఖతో తప్పుకున్నారు. అప్పటికే ఆరంభమైన 'జర్నల్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్ రీసెర్చ్' అందరికీ ఉచితంగా అందే పత్రిక. ఇందులో ప్రతి వ్యాసానికీ ఒక నిర్వహణ సంపాదకుడు ఉంటాడు, ఆ వ్యాసంపై నిర్ణయం అతనిదే. ప్రచురితమైన వ్యాసం మొదటి పుటలో రచయితల పేర్ల కింద అతని పేరు కూడా అచ్చవుతుంది. బాచెలర్ పద్ధతిలో రచయితకు మాత్రమే తెలిసిన సంగతి ఇక్కడ పాఠకుడికీ తెలుస్తుంది. సాంకేతికంగా ఇది ఒక్క పంక్తి మార్పు. జవాబుదారీతనంలో దాని విలువ చాలా పెద్దది.

మన దేశంలో

భారతీయ విజ్ఞానశాస్త్ర పత్రికల చరిత్రలోనూ ఒక్కరి నుంచి పలువురికి మారిన ప్రస్థానం కనిపిస్తుంది. 1934లో సి.వి. రామన్ బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్ 1970లో ఆయన మరణం వరకు ఆయన వ్యక్తిత్వంతో ముడిపడి నడిచాయి. ఆ తర్వాతి దశాబ్దంలో అవి విషయాల వారీగా విడిపోయాయి. భౌతికశాస్త్రానికి 1973లో 'ప్రమాణ' వచ్చింది. ఇంజనీరింగ్ శాస్త్రాలకు 1978లో ప్రత్యేక విభాగం ఏర్పడి, 1984లో 'సాధన' అన్న పేరు పొందింది. విభాగం ఏర్పడిన కాలంలో అకాడమీ అధ్యక్షుడు సతీష్ ధావన్, 'సాధన'కు సంపాదకుడిగా పనిచేసినవారిలో రొద్దం నరసింహ ఉన్నారు. ఇద్దరూ ఫ్లూయిడ్ మెకానిక్స్ పరిశోధకులే కావడం గమనార్హం. ఆ రంగపు సంపాదక సంప్రదాయం వారికి పరాయిది కాదు.

ఈ వెలుగుకు పక్కనే చీకటీ ఉంది. హైదరాబాదు కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఒక ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమ్మతి ఇవ్వని విద్వాంసుల పేర్లను సంపాదకులుగా చూపించారన్నది, సరైన సమీక్ష లేకుండానే సమీక్షించినట్లు ప్రకటించారన్నది ఆరోపణల్లో ముఖ్యమైనవి. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. ఈ వ్యవహారాన్ని మోసంగా మాత్రమే చూసి పక్కనపెట్టడం సరికాదు. సంపాదకుడి పేరుకూ సంపాదక నిర్ణయానికీ సంబంధం లేదన్న అలవాటు విద్యారంగంలో ముందే పాతుకుపోయి ఉండకపోతే అటువంటి వ్యాపారం అంత విస్తరించేది కాదు. తన పేరు ఏ పత్రిక మండలిలో ఉందో తెలియని ఆచార్యుడికీ, తెలిసి కూడా ఒక్క వ్యాసమైనా చూడని ఆచార్యుడికీ మధ్య దూరం చాలా తక్కువ.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ సమస్యను జాబితాలతో పరిష్కరించాలని చూసింది. 2018 మేలో ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించింది. 2019లో కేర్ జాబితా అమలులోకి వచ్చింది. 2025లో దానిని కూడా విరమించి, పత్రికల నాణ్యతను అంచనా వేసే పనిని సూచనాత్మక ప్రమాణాలతో విద్యాసంస్థలకే వదిలింది. ఇప్పుడు ఏ పత్రిక మంచిదో తేల్చవలసినది కళాశాల, విశ్వవిద్యాలయ స్థాయిలోని ఆచార్యులే. వారికి మొదట కనిపించే ఆధారం సంపాదక మండలి పుట. అక్కడ పేర్ల సంఖ్యను, విదేశీ చిరునామాలను లెక్కించే పరిశీలన దేనికీ కొరగాదు. అడగవలసినవి వేరే ఉన్నాయి. సహ సంపాదకుడు సొంతంగా తిరస్కరించగలడా? ప్రధాన సంపాదకుడి విద్యార్థి రాసిన వ్యాసాన్ని ఎవరు చూస్తారు? సంపాదకుడి పదవీకాలం ఎన్నేళ్లు? తప్పు బయటపడితే సవరణ ప్రకటన ఎవరి సంతకంతో వస్తుంది?

వీటిలో రెండో ప్రశ్న కళాశాలలు నడిపే పత్రికలకు మరీ పదునైనది. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో పత్రిక నడిపే విభాగాధిపతే పరిశోధక పర్యవేక్షకుడు కావడం, ఆయన కింద పనిచేసే సహాయాచార్యుడే సహ సంపాదకుడు కావడం సహజంగా జరిగే ఏర్పాటు. విభాగాధిపతి వ్యాసాన్ని తిరస్కరించే అధికారం కాగితంపై సహాయాచార్యుడికి ఇచ్చినా, తన పదోన్నతి ఫైలు ఎవరి బల్ల మీద ఉందో అతనికి తెలుసు. హార్వర్డ్‌లోని క్యారియర్‌కు కేంబ్రిడ్జ్‌లోని బాచెలర్ పై అధికారి కాడు. ఆ పద్ధతి నిలబడడానికి అభిరుచితో పాటు ఈ స్వేచ్ఛా కారణమే. సహ సంపాదకుల్లో కనీసం సగం మంది అయినా పత్రిక నడిపే సంస్థకు వెలుపలివారు కాకపోతే, సంస్థలోని వారి వ్యాసాలన్నీ వారికే వెళ్లాలన్న నియమం లేకపోతే, అధికార పంపిణీ ఉత్తర్వు కాగితానికే పరిమితమవుతుంది. కాకినాడ కళాశాల పత్రికకు వచ్చిన మృత్తికా యాంత్రికశాస్త్ర వ్యాసాన్ని వరంగల్‌లోనో, తిరుపతిలోనో ఉన్న సంపాదకుడు తేల్చడానికి నేడు సముద్రం దాటే ఉత్తరం అక్కరలేదు. అతని పేరు వ్యాసం మొదటి పుటలో వేయడానికి అదనపు ఖర్చూ లేదు. ఆ పేరు వేయడానికి ఒప్పుకునే సంపాదకులు ఎందరు దొరుకుతారన్నదే తేలవలసి ఉంది.